భూసార పరీక్షకు మట్టి ఎలా తీయాలి?

మెట్టరైతు: రైతు సేవా కేంద్రంలో మట్టి నమూనా తెమ్మన్నారు. రెండెకరాల వేరుశనగ చేను. ఎంత లోతు తవ్వాలండీ?

నల్లరేగడి: 15 సెం.మీ. చాలు. ఎకరాకు 8–10 చోట్ల పైచెత్త తీసి, ‘వి’ ఆకారంలో గుంట తవ్వి, గోడ వెంట పైనుంచి అడుగుదాకా పలచగా చెక్కండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేయండి. అరకిలో మిగిలేదాకా ఇదే పని. నీడలోనే ఆరబెట్టాలి.

పొలంగట్టు: గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పేసిన చోట వద్దు. చాలామంది ఎరువు ఖాళీ సంచిలో పోసి తెస్తారు, ఫలితమంతా తప్పే! జింకు పరీక్షకైతే రేకు బకెట్టూ పనికిరాదు, ప్లాస్టిక్‌దే వాడండి.

నల్లరేగడి: అవును. చీటీలో సర్వే నంబరుతోపాటు వేయబోయే పంట కూడా రాయండి, ఎరువు మోతాదు దాన్నిబట్టే చెబుతారు.