ఉచ్చు పెడితే ఐదేళ్ళ జైలా? కొత్త చట్టం ముసాయిదా మీద పాలమూరు, నల్లగొండ వాళ్ళు ఏమంటారు

డిండి వాగు:
మూగజీవాలను హింసిస్తే, ఇప్పుడున్న 1960 చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నవ్వొస్తుంది కానీ నిజం. దీన్ని మార్చాలని కేంద్రం 2022 నవంబర్‌లో ఒక ముసాయిదా పెట్టింది. ఘోరంగా హింసిస్తే 50 వేల నుంచి 75 వేల జరిమానా, లేదంటే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు, లేదా రెండూ. చంపితే ఐదేళ్ళ దాకా జైలు. అది ఇంకా చట్టం కాలేదు. మా ఊరి హోటల్ దగ్గర ఈ ముచ్చట తీస్తే ఉచ్చులు పెట్టేవాళ్ళు, వలలు వేసేవాళ్ళు, రైతులు అందరూ ఒక్కటయ్యారు, వద్దంటే వద్దని. మీరేమంటారు?

ఎర్రచెల్క:
వద్దు. మాది కొల్లాపూర్ వైపు, మూడెకరాల పల్లి చేను. మొన్న పొద్దున పోయి చూస్తే చేను నాగలితో దున్నినట్టు ఉంది. చెట్లు పెకిలించి పక్కన పడేసి, కాయలు నమిలి, పొట్టు ఊసి పోయాయి అడవి పందులు. నష్టపరిహారానికి మూడుసార్లు తిరిగాను. ఫొటోలో పంది లేదు కదా అన్నాడు అక్కడి సారు. పంది ఆగి ఫొటో దిగుతుందా?

రిటైర్డ్ మాస్టారు:
ముందు ఒక విషయం. ఈ ముసాయిదా రాకముందే ఉచ్చు నేరం. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, పట్టుకోవడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. 1960 చట్టం కూడా ఉచ్చులో చిక్కిన జంతువును బంధించిన జంతువు కిందనే లెక్కేస్తుంది. కాబట్టి ఈ చర్చ మొదలే తప్పు.

వలగాడి మనవడు:
మాకు తెలియకనా సార్? మా తాత వలలు ఇంకా అటక మీద ఉన్నాయి. కౌజు పిట్టలకు ఒకటి, కుందేళ్ళకు ఒకటి. కన్ను ఎంత ఉండాలో వేలు పెట్టి కొలిచేవాడు. పిల్ల పడితే వదిలేసేవాడు. 1972లో ఢిల్లీలో ఒక కాగితం రాస్తే ఇక్కడ మేం దొంగలమయ్యాం. ఇప్పుడు దాని మీద ఇంకో 50 వేలా?

పాలపిట్ట:
దసరాకు పాలపిట్టను పట్టి, గూట్లో పెట్టి చూపించి పైసలు అడుగుతారు కదా, అది కూడా తాతల నాటిదేనా?

వలగాడి మనవడు:
చూసి పైసలు ఇచ్చేది ఎవరు?

రిటైర్డ్ మాస్టారు:
మీ తాత సంగతి ఒప్పుకుంటాను. ఇప్పుడు వల అల్లేది ఎవరు బాబూ? బండి క్లచ్ వైరు పెడుతున్నారు. మా కుక్క మూడు రోజులు కనబడలేదు. దొరికేసరికి వైరు నడుములో దిగి, చర్మం దాని మీదికి వచ్చేసి, పురుగులు పట్టాయి. కటింగ్ ప్లేయర్‌తో నేనే తెంపాను. అది అరవలేదు కూడా, నా చెయ్యి నాకింది. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,600 చదరపు కిలోమీటర్ల పైనే. దాని అంచున పందికని పెట్టిన వైరులో చిరుత పడొచ్చు, ఎలుగు పడొచ్చు. మా కుక్కకు అంత నరకం చూపితే 50 రూపాయలా జరిమానా?

ఎర్రచెల్క:
కుక్కకు బాధపడినంత మా పల్లికి కూడా బాధపడండి సార్.

రిటైర్డ్ మాస్టారు:
దారి ఉంది. మనిషి ప్రాణానికి ముప్పయితే చంపడం నేరం కాదు. పంట కోసమైతే మాత్రం ముందు అనుమతి కావాలి. మన తెలంగాణలో అడవి పందులకు ఆ అనుమతి ఇచ్చే అధికారం సర్పంచులకు కూడా ఇచ్చారు. లైసెన్సు తుపాకీ ఉన్న షూటర్ వచ్చి కాలుస్తాడు. చచ్చిన పంది సర్కారు ఆస్తి, ఎవరూ తినకూడదు.

ఎవరో ఒకడు:
పంది కూర తినని వాళ్ళు ముందు చేతులెత్తండి. తర్వాత మాట్లాడదాం.

వలగాడి మనవడు:
అదే సార్ నేను చెప్పేది! పట్నం నుంచి జీపులో వచ్చి తుపాకీతో కాలిస్తే పర్మిషన్. మేం వల వేస్తే కేసు. చచ్చేది అదే పంది, పూడ్చేది అదే మట్టి. పంది మీద ప్రేమ ఎక్కడుంది ఇందులో? చంపే హక్కు ఎవరికన్నదే గొడవ.

ఎర్రచెల్క:
తమ్మీ, నీకు కూర కావాలి, నాకు పంట కావాలి. ఎవరు చంపితే నాకేంది. షూటర్ వచ్చేదాకా, నీ వల వచ్చేదాకా ఆగలేకనే రైతులు తీగ పెట్టుకుంటున్నారు.

వలగాడి మనవడు:
ఏం తీగ? కరెంటు తీగనా? మా చిన్నాన్న కొడుకు దానికే పోయాడు అన్నా. పల్లి చేనులోనే. పొద్దున దాకా ఎవరూ చూడలేదు. ఇంతసేపూ నువ్వు మా పక్క ఉన్నావనుకున్నా.

ఎర్రచెల్క:
రాత్రి పూట వేరేవాళ్ళ చేనులో అతనికేం పని?

డిండి వాగు:
అన్నా, ఆ మాట వద్దు.

వలగాడి మనవడు:
ఉచ్చుకు ఐదేళ్ళు అంటే మొత్తుకున్నావు కదా. తీగకు ఎన్నేళ్ళు వేయాలో నువ్వే చెప్పు.

ఎర్రచెల్క:
తప్పు మాట అన్నాను, మనసులో పెట్టుకోకు. ఆ తీగ నాది కాదు. పోయిన ఏడు నేనూ పెట్టాను, మా ఆవిడ గొడవ చేస్తే తీసేశాను.

వలగాడి మనవడు:
ఈ ఏడు?

గట్టుమీది:
మూడెకరాలకు జట్కా మెషిన్, అదే కంచెకు చిన్న షాక్ ఇచ్చి పందులను తరిమేది, ఎంత పడుతుంది? పెట్టినవాళ్ళు ఎవరైనా చెప్పండి.