వేరుశనగ ఆకుల ఫొటోలను కీబోర్డుతోనే తెగుళ్ళవారీగా విడదీయడానికి ఏ ఇమేజ్ వ్యూయర్ మేలు?

ప్రశ్న: కూడేరు_మెట్టపొలం, అనంతపురం

అందరికీ నమస్కారం. కూడేరు, కళ్యాణదుర్గం, రాప్తాడు మండలాల రైతులు పంపిన వేరుశనగ ఆకుల ఫొటోలను చూసి తిక్క ఆకుమచ్చ, తుప్పు, కాండం కుళ్ళు, ఆరోగ్యం అని నాలుగు రకాలుగా విడదీసే పని మా బృందానికి అప్పగించారు. ఫొటోలు వేలల్లో ఉన్నాయి. ప్రస్తుతం ఒక్కొక్క ఫొటోను తెరిచి, చూసి, మూసి, మౌస్‌తో లాగి ఫోల్డర్‌లో వేస్తున్నాము. ఇలా చేస్తే పంట కోతకు వచ్చినా ఈ పని తెమలదు. మా దగ్గర ఉన్నది ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన పాత ల్యాప్‌టాప్. ఫొటో తెరమీద ఉండగా ఒక అంకె నొక్కితే దాని రకం నమోదై తరువాతి ఫొటో రావాలన్నది మా కోరిక. ఇందుకు ఫెహ్ (feh), ఎన్‌ఎస్‌ఎక్స్‌ఐవీ (nsxiv) అనే ఇమేజ్ వ్యూయర్లు పనికివస్తాయని విన్నాను.

రెండు చిక్కులు ఉన్నాయి. వాట్సాప్ నుంచి దించుకున్న ఫొటోల పేర్ల మధ్యలో ఖాళీలు ఉంటాయి. పైగా ఒక్కో ఆకుకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి చొప్పున రెండేసి ఫొటోలు ఉన్నాయి, ఆ జత విడిపోకూడదు.

జవాబు: టెర్మినల్_కర్నూలు

మీరు చెప్పిన పనికి ఫెహ్ సరిపోతుంది, ఉబుంటు సాఫ్ట్‌వేర్ భాండారంలోనే దొరుకుతుంది. అందులో ఒకటి నుంచి తొమ్మిది వరకు ఒక్కో అంకెకు ఒక్కో షెల్ ఆదేశాన్ని (టెర్మినల్‌లో టైపు చేసే ఆదేశాన్ని) కట్టుకోవచ్చు. దీన్ని యాక్షన్ అంటారు. అంకె నొక్కగానే ఆ ఆదేశం నడిచి, తరువాతి ఫొటో దానంతట అదే వస్తుంది. అదే ఫొటో మీద నిలిచి ఉండాలనుకుంటే ఆదేశం ముందు సెమికోలన్ పెట్టాలి.

పేర్లలోని ఖాళీల సంగతికి వస్తే, యాక్షన్‌లో ఫైల్ పేరు కోసం శాతం గుర్తు పక్కన చిన్న ఎఫ్ రాస్తే పేరు ఉన్నదున్నట్టుగా వెళ్ళి ఖాళీ దగ్గర ముక్కలవుతుంది, పెద్ద ఎఫ్ రాస్తే షెల్‌కు తగినట్టు భద్రపరచి ఇస్తుంది. కాబట్టి ఎప్పుడూ పెద్ద ఎఫ్‌నే వాడండి. ఇక్కడే ఇంకో గోతి ఉంది. యాక్షన్ లోపలే ప్రింట్ఎఫ్ (printf, అక్షరాలను అచ్చువేసే ఆదేశం) రాసి అందులో శాతం, ఎస్ పెడితే, అది షెల్‌కు చేరకముందే ఫెహ్ దాన్ని ఫైల్ పరిమాణంగా అర్థం చేసుకుని అంకెలు నింపేస్తుంది. అందువల్ల అసలు పనిని వేరే చిన్న స్క్రిప్టులో (ఆదేశాలు వరుసగా రాసిన ఫైల్‌లో) రాసుకుని, యాక్షన్‌లో ఆ స్క్రిప్టు పేరు, తెగులు పేరు, ఫైల్ పేరు మాత్రమే ఉంచండి.

ప్రతి యాక్షన్‌కు చదరపు బ్రాకెట్లలో శీర్షిక ఇచ్చి, డ్రా యాక్షన్స్ అనే ఆప్షన్ పెడితే, ఏ అంకె దేనికో తెర మూలన కనిపిస్తూ ఉంటుంది. శీర్షికలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి, తెలుగు ఒత్తులు అందులో సరిగా కూడవు.

జవాబు: కడప_స్క్రిప్టులు

పై జవాబుతో ఏకీభవిస్తూనే, జతల సమస్య ఉన్నందున నేను ఎన్‌ఎస్‌ఎక్స్‌ఐవీ వైపే మొగ్గుతాను. తిక్క ఆకుమచ్చలో తొలి, ఆలస్యపు అని రెండు రకాలు. ఆలస్యపు ఆకుమచ్చ నల్లగా తేలేది ఆకు అడుగున, తుప్పు పొక్కులు ఎక్కువగా కనిపించేదీ అడుగునే. తొలి ఆకుమచ్చ చుట్టూ ఉండే పసుపు వలయం మాత్రం పైభాగంలో స్పష్టంగా తెలుస్తుంది. రెండూ చూడనిదే తీర్పు చెప్పలేము, చెప్పిన తీర్పు రెండింటికీ ఒకేసారి పడాలి.

ఎన్‌ఎస్‌ఎక్స్‌ఐవీని హైఫన్ టీ (-t) ఆప్షన్‌తో తెరిస్తే చిన్న బొమ్మల పట్టిక వస్తుంది. ఎంటర్ నొక్కి ఒక్కో ఫొటోను పెద్దదిగా చూసి, మళ్ళీ ఎంటర్‌తో పట్టికకు వచ్చి, జతలోని రెండింటి మీద ఎమ్ నొక్కి గుర్తు పెట్టండి. ఆ తరువాత కంట్రోల్ ఎక్స్ నొక్కి వదిలి, మీ అంకె నొక్కండి. అప్పుడు వ్యూయర్ మీ హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, ఎన్‌ఎస్‌ఎక్స్‌ఐవీ కింద, ఎగ్జెక్ (exec) అనే చోట ఉన్న కీ హ్యాండ్లర్ (key-handler) స్క్రిప్టును పిలుస్తుంది. నొక్కిన కీ పేరు దానికి మొదటి ఆర్గ్యుమెంట్‌గా (స్క్రిప్టు పేరు పక్కన ఇచ్చే విలువగా) అందుతుంది, గుర్తు పెట్టిన ఫైళ్ళ పేర్లు వరుసకు ఒకటి చొప్పున స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో (స్క్రిప్టు చదువుకునే ఇన్‌పుట్‌లో) వస్తాయి. రీడ్ ఆదేశాన్ని హైఫన్ ఆర్‌తో వాడి, వేరియబుల్‌ను కొటేషన్లలో ఉంచితే పేరు మధ్యలోని ఖాళీలు ఏమీ చేయవు. స్క్రిప్టుకు నడిచే అనుమతి ఇవ్వకపోతే మాత్రం ఏ కీ నొక్కినా పని జరగదు.

జాగ్రత్త పడవలసినది ఒకటుంది: అంకె నొక్కాక గుర్తులు వాటంతట అవి పోవు. కంట్రోల్ యూ నొక్కి తుడిచేయకపోతే, తరువాతి ఆకుకు ఇచ్చే తీర్పు ముందటి జతకు కూడా పడుతుంది.

ఇక అసలు మాట. స్క్రిప్టు చేత ఫైళ్ళను కదిలించవద్దు. కదిలిస్తే వ్యూయర్ చేతిలోని జాబితా చెదురుతుంది, తప్పు అంకె నొక్కితే ఫోల్డర్లలో వెతుక్కోవాలి. దాని బదులు ఒక చిట్టా ఫైల్ పెట్టుకుని, అంకె నొక్కిన ప్రతిసారీ ఫైల్ పేరు, ట్యాబ్, తెగులు పేరు చివరన ఒక వరుసగా చేర్చండి. మనసు మారితే అదే ఫొటోకు ఇంకో అంకె నొక్కితే సరి. లెక్క తీసేటప్పుడు చిట్టా వరుసలను టాక్ (tac) ఆదేశంతో తలకిందులు చేసి, ఆక్ (awk) ఆదేశంతో ఒక్కో పేరుకు మొదట కనిపించిన వరుసనే ఉంచుకుంటే చివరి తీర్పే నిలుస్తుంది. ఫోల్డర్లు కావాలంటే ఆ చిట్టా చూసి నకళ్ళు తీసే లూప్ ఎప్పుడైనా రాసుకోవచ్చు.

తిరుగు ప్రశ్న: కూడేరు_మెట్టపొలం

ఇద్దరికీ ధన్యవాదాలు. చిట్టా పద్ధతి మాకు బాగా నచ్చింది, ఎందుకంటే మాలో ఇద్దరు అవే ఫొటోలను విడివిడిగా చూసి, తీర్పులు పోల్చుకోవాలన్న ఆలోచన కూడా ఉంది. కొన్ని ఫొటోలు సగమే దిగి తెరుచుకోవడం లేదు, వాటిని ముందే ఏరివేసే మార్గం ఉందా?

జవాబు: టెర్మినల్_కర్నూలు

ఉంది. వ్యూయర్‌గా ఎన్‌ఎస్‌ఎక్స్‌ఐవీని ఎంచుకున్నా ఫెహ్‌ను కూడా ఉంచుకోండి. ఫోల్డర్ పేరుతో పాటు హైఫన్ చిన్న యూ ఇస్తే అది కిటికీ తెరవకుండా, తెరుచుకోని ఫైళ్ళ పేర్లు మాత్రమే అచ్చువేస్తుంది. పెద్ద యూ ఇస్తే తెరుచుకునేవాటి పేర్లు వస్తాయి. సగం దిగిన ఫొటో ఒక్కోసారి కింది భాగం బూడిద రంగుతోనే తెరుచుకుంటుంది కాబట్టి, అలాంటివాటి కోసం చిట్టాలో తొమ్మిదో అంకెను "పనికిరాదు" అని కట్టుకోండి.

ఇద్దరి తీర్పులు పోల్చాలంటే స్క్రిప్టులో చిట్టా పేరుకు వాడుకరి పేరు తగిలిస్తే చాలు, రెండు చిట్టాలనూ పై పద్ధతిలో శుభ్రం చేసి, సార్ట్ చేసి, జాయిన్ ఆదేశంతో కలపవచ్చు. పేర్లలో ఖాళీలు ఉన్నాయి కాబట్టి సార్ట్‌కూ జాయిన్‌కూ రెండింటికీ విభాజకం ట్యాబ్ అని చెప్పడం మరవకండి.

ఇకమీదట రైతులను ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోవడమే కాక, తీసిన సమయం, చోటు వివరాలు కూడా పోతాయి, తుప్పు పొక్కుల వంటి సన్నని గుర్తులు మొదట చెరిగిపోయేది ఆ కుదింపులోనే.