నెలల తరబడి నిలబడిపోయే కారు, బుల్లెట్టు: బ్యాటరీకి ఏ ఛార్జర్ పెట్టాలి?

అనంత_బెంగళూరు
అందరికీ నమస్తే. ఇల్లు అనంతపురం, ఉద్యోగం బెంగళూరు. ఇంటి దగ్గర ఒక చిన్న కారు (35 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ), ఒక క్లాసిక్ 350 బుల్లెట్టు ఉన్నాయి. చూపు సరిగా ఆనడం లేదని నాన్న కారు తీయడం మానేశారు, పండక్కో పెళ్ళికో నేనొస్తే తప్ప రెండూ కదలవు. వచ్చినప్పుడల్లా సెల్ఫ్ కొడితే టక్ టక్ మని శబ్దం, పక్కింటాయన్ని బతిమాలి కేబుల్స్ వేయించుకోవడం. విసుగొచ్చింది. ఎప్పుడూ తగిలించి ఉంచే ఛార్జర్ కొందామనుకుంటున్నా. రెండు బండ్లకూ ఒకటే సరిపోతుందా, నెలల పాటు వదిలేయొచ్చా, కరెంటు పోయి వస్తే దానంతటదే మళ్ళీ మొదలవుతుందా, మా రేకుల షెడ్డు వేడికి తట్టుకుంటుందా? వాడుతున్నవాళ్ళు చెప్పండి.

సీమ_బుల్లెట్
అన్నా, బుల్లెట్టు సంగతి నేను చెప్తా. దాంట్లో ఉండేది 8 ఏహెచ్ బ్యాటరీ, దానికి కారు ఛార్జర్ 5 ఆంపియర్లలో పెడితే పాడైపోతుంది. ఏహెచ్‌లో పదో వంతు కరెంటు చాలు, అంటే 0.8. నేను వాడేది బాష్ సీ3, బైక్ మోడ్‌లో ఇచ్చేది అంతే. ఇంకో పని చేసుకున్నా. బ్యాటరీ టెర్మినల్స్‌కి రింగు లగ్గులున్న వైరు బిగించి, మధ్యలో ఫ్యూజు పెట్టి, ప్లగ్గు చివర సైడ్ ప్యానెల్ బయటికి తీశా. ఇప్పుడు ప్యానెల్ విప్పే పనే లేదు, రాత్రి వచ్చి ప్లగ్గు గుచ్చితే పొద్దున పచ్చ లైటు. వర్షాకాలమంతా బండి నిలబడిపోయినా మొదటి బటన్‌కే లేచింది, మా వీధిలో అందరూ వచ్చి చూసిపోయారు.

ధర్మవరం_ఆటోస్
ఛార్జర్లూ గీర్జర్లూ దేనికి? నాన్నగారికి చెప్పి వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆన్‌లో పెట్టమనండి, చాలు. మా షాపుకొచ్చే వాళ్ళందరికీ ఇదే చెప్తా. డబ్బులు వృథా చేసుకోవద్దు.

ఎక్స్ఛేంజి_కర్నూలు
ధర్మవరం తమ్ముడూ, లెక్క వేసి చూద్దాం. తాళం తీసేసి నిలబెట్టినా గడియారం, సెంట్రల్ లాకింగ్, అలారం కలిసి ఓ 30 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటాయి. వారానికి 168 గంటలు, అంటే 5 ఏహెచ్ పోయినట్టు. సెల్ఫ్‌కి పోయేది ఏమంత కాదు, 150 ఆంపియర్లు రెండు సెకన్లు లాగినా 0.1 ఏహెచ్ కూడా ఉండదు. ఐడిలింగ్‌లో పది నిమిషాలకి డైనమో తిరిగిచ్చేది రెండు ఏహెచ్ అయితే గొప్ప, ఏసీ, లైట్లు వేస్తే అదీ లేదు. ప్రతి వారం మూడు ఏహెచ్ బాకీ పడిపోతుంటే 35 ఏహెచ్ బ్యాటరీ ఎన్ని వారాలు లాగుతుంది? పైగా సగం ఛార్జిలో ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అది మళ్ళీ అంత సులువుగా కరగదు.

నా సర్వీసంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజి బ్యాటరీ రూముల్లో గడిచింది. 48 వోల్టుల బ్యాంకులు, ఇరవై నాలుగు సెల్స్, పగలూ రాత్రీ ఫ్లోట్ మీదే, అంటే నిండాక కూడా తక్కువ వోల్టేజిలో ఛార్జర్‌కి తగిలించే ఉంచడం. తగిలించి వదిలేస్తే బ్యాటరీ పోతుందనేవాళ్ళు ఆ గదుల్లో ఒక్క పూట గడిపితే తెలుస్తుంది, వోల్టేజి సరిగ్గా ఉంటే బ్యాటరీ ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. మన 12 వోల్టుల బ్యాటరీకి ఫ్లోట్ 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య ఉండాలి, 14.4 దాకా వెళ్ళేది మొదటి ఛార్జింగ్‌లోనే, తర్వాత దానంతటదే దిగాలి. దిగని ఛార్జర్ ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వొద్దు.

ప్రొద్దుటూరు_77
పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మా ఊళ్ళో ఒక షాపులో కారు బ్యాటరీ ఛార్జింగ్‌కి ఇచ్చా. ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక ఆంపియర్ ముల్లు, అంతే వాళ్ళ ఛార్జర్. రాత్రంతా వదిలేశారు. పొద్దున వెళ్ళేసరికి బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి, పట్టుకుంటే చెయ్యి కాలింది, మూతల చుట్టూ యాసిడ్ తడి. అడిగితే నీ బ్యాటరీయే పాతది అన్నారు. గొడవ పడితే ఛార్జింగ్ డబ్బులు వెనక్కిచ్చారు, బ్యాటరీ మాత్రం పోయింది.

అప్పటి నుంచి నేనే చూసుకుంటున్నా. నెలకోసారి ఏసీ నీళ్ళు పోసి లెవెల్ సరి చేస్తా. ఏసీ నీళ్ళు డిస్టిల్డ్ వాటరే కదా, ఊరికే పారబోసేవి.

పెనుకొండ_ఎస్‌యూవీ
ఏసీ నీళ్ళా? ఆ పని మాత్రం చేయకండి. అల్యూమినియం రేకులు, రాగి గొట్టాల మీద నుంచి దుమ్ముతో సహా జారి ట్రేలో నాచు పట్టి వచ్చే నీళ్ళవి. డిస్టిల్డ్ అని ఎవరు చెప్పారు?

ప్రొద్దుటూరు_77
మీటర్ పెట్టి చూశా బ్రదర్, టీడీఎస్ (నీళ్ళల్లో కరిగిన లవణాలు) 20 లోపే. మన బోరు నీళ్ళు వెయ్యి దాటుతాయి. మా ఇన్వర్టర్ బ్యాటరీకి మొదటి నుంచి ఇవే పోస్తున్నా, ఇప్పటికీ రాత్రంతా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. చేతిలో ఉన్న రుజువు ముందు మీరు పుస్తకంలో చదివింది ఎందుకు నమ్మాలి?

పెనుకొండ_ఎస్‌యూవీ
పుస్తకం కాదండీ, టీడీఎస్ మీటర్ నీళ్ళల్లో ఎంత ఉందో చెప్తుంది, ఏముందో చెప్పదు. ఇనుము, రాగి, క్లోరైడ్ కొంచెం చేరినా బ్యాటరీ లోపల్లోపలే దిగిపోతుంది. పైగా ఆవిరైపోయేది నీళ్ళే, అవి లోపలే ఉండిపోతాయి, ప్రతి నెలా పోస్తుంటే పేరుకుంటూ పోతాయి. లీటరు డిస్టిల్డ్ వాటర్ పాతిక ముప్పై రూపాయలు. వేల రూపాయల బ్యాటరీకి అంత మాత్రం పెట్టలేమా?

ధర్మవరం_ఆటోస్
ఈ విషయంలో నేను ప్రొద్దుటూరు అన్న వైపే. డిస్టిల్డ్ వాటర్ అని అమ్మే క్యాన్లలో సగం ఆర్వో నీళ్ళే, లేబుల్ అంటించి అమ్ముతున్నారు. అంతకంటే ఏసీ నీళ్ళు మేలు.

అనంత_బెంగళూరు
నాది సీల్డ్ బ్యాటరీ, మూతలే లేవు. ఛార్జర్ సంగతి చెప్పండి ఎవరైనా.

ఎక్స్ఛేంజి_కర్నూలు
క్యాను మీద అనుమానముంటే మంచి బ్యాటరీ డీలర్ దగ్గర కొనండి, లేదా కొన్న నీళ్ళనే మీటర్ పెట్టి చూడండి. ఎక్స్ఛేంజిలో ఒక్క సెల్‌లో తప్పు నీళ్ళు పోసినా సంజాయిషీ రాయాల్సి వచ్చేది మాకు. ఏసీ నీళ్ళు పోసే వాళ్ళతో నాకు వాదన వద్దు. ఒక్కటే అడుగుతున్నా, యాసిడ్ సాంద్రత చూపించే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్స్ రీడింగ్ తీసి ఇక్కడ పెట్టమనండి. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన సెల్స్ బాగున్నట్టు కాదు.

ప్రొద్దుటూరు_77
పెడతా. ఈ ఆదివారమే పెడతా. అప్పుడు మాట్లాడదాం.

పెనుకొండ_ఎస్‌యూవీ
అనంతపురం అన్నా, మీది కొత్త మోడల్ కారైతే ఒకటి గమనించండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీదే చిన్న సెన్సార్ ఉంటుంది కొన్నింటికి. ఛార్జర్ నల్ల క్లిప్పు దాని మీద కాకుండా బాడీకి, పెయింటు లేని బోల్టుకి పెట్టాలి. లేకపోతే ఎంత ఛార్జి ఎక్కిందో కారు కంప్యూటర్‌కి తెలియదు. మామూలు బండ్లకైనా ముందు ఎర్ర క్లిప్పు, తర్వాత నలుపు బాడీకి, తీసేటప్పుడు ముందు నలుపు. బ్యాటరీ పక్కన నిప్పురవ్వ పడకూడదని. ఇక ఐడిల్ స్టార్ట్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను దానంతటదే ఆగడం) ఉన్న బండ్లలో ఏజీఎం రకం (యాసిడ్‌ని గాజు పీచు పీల్చి ఉంచే) బ్యాటరీ ఉంటే ఛార్జర్లో ఆ మోడ్ ఉందో లేదో చూసి కొనాలి. మాది పెనుకొండ ప్లాంటులో తయారైన బండే, ఫోన్ యాప్ కనెక్షన్ ఉంది కాబట్టి నిలబెట్టినా మామూలు కారు కంటే ఎక్కువ తాగుతుంది.

నంద్యాల_ట్రాక్టర్
మా ట్రాక్టర్ దుక్కులప్పుడు, కోతలప్పుడు తప్ప కదలదు. పొలం షెడ్డులో ప్లగ్ పాయింటు లేదు, ఉన్నా త్రీఫేజ్ కరెంటు ఏ వేళకి వస్తుందో తెలీదు. రేకు మీద 20 వాట్ల సోలార్ ప్యానెల్, కింద చిన్న కంట్రోలర్ పెట్టా. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు పెట్టుకున్న ఎండ మనది, ట్రాక్టర్ బ్యాటరీ ఒక లెక్కా? కంట్రోలర్ మాత్రం తప్పనిసరి, 12 వోల్టుల ప్యానెల్ అని పేరే గానీ లోడు లేకపోతే 21 దాకా చూపిస్తుంది.

సీమ_బుల్లెట్
సోలార్ ఐడియా అదిరింది అన్నా. నాకో డౌటు, మా వాడు బైకుకి లిథియం బ్యాటరీ వేయించాడు, నా ఛార్జరే పెట్టొచ్చా?

ఎక్స్ఛేంజి_కర్నూలు
వద్దు బాబూ. లిథియం మోడ్ లేని ఛార్జర్ పెట్టొద్దు. సల్ఫేట్ విడగొట్టడానికి ఎక్కువ వోల్టేజి పల్స్ ఇచ్చే మోడ్ ఉంటే ఇంకా ప్రమాదం.

అనంతపురం వారికి షెడ్డు వేడి గురించి ఎవరూ చెప్పలేదు, అసలు చూడాల్సింది అదే. ఈ ఫ్లోట్ వోల్టేజిలన్నీ 25 డిగ్రీలకి రాసినవి. పైన పెరిగే ఒక్కో డిగ్రీకీ 18 మిల్లీ వోల్టులు తగ్గించాలి. మే నెలలో రేకుల కింద 42 ఉందనుకుంటే 0.3 వోల్టు తేడా, అంటే 13.6 కాస్తా 13.3 కావాలి. తగ్గించకుండా నెలల తరబడి తోస్తే సీల్డ్ బ్యాటరీ లోపల ఎండిపోతుంది, నీళ్ళు పోసే దారి కూడా లేదు దానికి. టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉందని పెట్టె మీద రాసి ఉన్నది తీసుకోండి. అది దొరక్కపోతే ఎండాకాలంలో రోజూ వద్దు, వారానికో రాత్రి పెట్టించండి, చల్లగా ఉంటుంది. ఛార్జర్‌ని బ్యాటరీ మీదో బానెట్ లోపలో పెట్టకండి, గోడకి నీడలో తగిలించండి. షెడ్డు తలుపులు మూసేయొద్దు.

అనంత_బెంగళూరు
చాలా థ్యాంక్స్ సార్. బైక్ మోడ్, కాంపెన్సేషన్ రెండూ ఉన్నది ఒకటి తీసుకుంటా. కొన్నాళ్ళు కారుకి, కొన్నాళ్ళు బుల్లెట్టుకి మార్చి మార్చి పెట్టమని నాన్నకి చెప్తా. కరెంటు పోయి వస్తే సంగతి?

పెనుకొండ_ఎస్‌యూవీ
మోడల్‌ని బట్టి మారుతుంది అన్నా. కొన్ని పాత మోడ్‌లోనే లేస్తాయి, కొన్ని బటన్ నొక్కేదాకా స్టాండ్‌బైలో కూర్చుంటాయి. కొన్న రోజే స్విచ్ ఆపి, కాసేపాగి మళ్ళీ వేసి చూడండి. లేవకపోతే ఆ రోజే వెనక్కిచ్చేయండి. ఒక మల్టీమీటర్ కూడా ఇంట్లో పెట్టండి. ఛార్జర్ తీసేసిన మర్నాడు పొద్దున 12.6 చూపిస్తే ఫుల్లు, 12.2 అంటే సగం ఖాళీ. నాన్నగారు ఫోన్లో నంబరు చదివితే చాలు.

ప్రొద్దుటూరు_77
రీడింగులు తీశా. 1.240, 1.240, 1.235, 1.180, 1.240, 1.235. నాలుగోది తక్కువుంది. దానికీ ఏసీ నీళ్ళకీ సంబంధం లేదు, నీళ్ళు ఆరింటికీ ఒకటే పోశా.

ఎక్స్ఛేంజి_కర్నూలు
యాభై పాయింట్లు (0.050) దాటి తేడా ఉంది, ఆ సెల్ బలహీనపడింది. ఇప్పుడే నీళ్ళు పోయొద్దు. ఫుల్ ఛార్జి చేయించి, ఇంకొన్ని గంటలు తక్కువ కరెంటులో కొనసాగించి, కొన్ని గంటలాగి మళ్ళీ చూడండి. నాలుగోది 1.220 దాటితే ఇంకొన్నాళ్ళు వాడుకోవచ్చు. అక్కడే ఆగితే ఆ సెల్ పోయినట్టే, పాత బ్యాటరీ ఎక్స్ఛేంజికి ఎంత ఇస్తారో ఇద్దరు డీలర్లని అడిగి ఇచ్చేయండి.