సుప్రభాతం వేళకి తిరుమల గుడి ముందు ఉండాలంటే ఎలా? (సేవా టికెట్ లేదు)

ఓరుగల్లు_చిన్నోడు:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. మా అమ్మకి 68 ఏళ్లు, ఎన్నాళ్ల నుంచో ఒకటే కోరిక, సుప్రభాతం గుడి దగ్గర నిలబడి వినాలని. రోజూ పొద్దున వంటింట్లో ఫోన్‌లో పెట్టుకుని వింటుంది గానీ "అక్కడ వింటే వేరురా" అంటుంది. సుప్రభాత సేవకి లక్కీ డిప్‌లో మూడుసార్లు పేరు వేశా, ఒక్కసారీ తగల్లేదు. జనవరి మొదటి వారంలో నాకు సెలవులున్నాయి, అప్పుడు తీసుకెళ్దామని. తిరుపతిలో రూమ్ తీసుకుని రాత్రి ఒకటిన్నరకి టాక్సీలో కొండెక్కితే సరిపోతుందా? లోపలికి పోకపోయినా బయటికి వినిపిస్తుందా? అంత పొద్దున్నే పోతే సర్వదర్శనం కూడా తొందరగా అయిపోతుందని ఆఫీసులో ఒకాయన అన్నాడు, నిజమేనా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్ల దారి మాట మాత్రం ఎత్తకండి.

అలిపిరి_ఆటో:
ఒకటిన్నరకి బయల్దేరితే అలిపిరి గేటు దగ్గరే కూర్చుంటారు. ఘాట్ రోడ్డు అర్ధరాత్రి మూసేసి మళ్లీ మూడింటికి గానీ వదలరు, సుప్రభాతం మొదలయ్యేదీ సుమారు మూడింటికే. పైకి చేరాలంటే ముప్పావు గంట, చెకింగ్ దగ్గర లైను వేరే. అంటే మీరు వెళ్లేసరికి అయిపోతుంది. ముందురోజు సాయంత్రమే కొండెక్కి పైనే పడుకోండి, వేరే దారి లేదు. రూమ్ దొరక్కపోతే యాత్రికుల వసతి సముదాయాలు ఉన్నాయి, లాకరిస్తారు, డబ్బులు తీసుకోరు, కాకపోతే హాల్లో అందరితో పాటు చాప మీద పడుకోవాలి.

ఇక ఆ ఆఫీసాయన మాట నమ్మకండి. సింహాచలమో అన్నవరమో అయితే పొద్దున్నే పోతే ఖాళీగా ఉంటుంది, ఇక్కడ అలా కుదరదు. సర్వదర్శనం టోకెన్ మీద ఏ టైమ్ ఉంటే అప్పుడే క్యూలోకి, టోకెన్ లేకపోతే కంపార్ట్‌మెంట్లలో ఎన్ని గంటలైనా కూర్చోవాల్సిందే, మీరు ఎన్నింటికి లేచారన్నది ఎవరూ అడగరు.

పుష్కరిణి_గట్టు:
బయట మైకుల్లో వినిపిస్తుంది, టికెట్ అక్కర్లేదు. మేము పోయినేడాది మా అత్తగారిని తీసుకెళ్లాం. రెండున్నరకి మహాద్వారం ఎదురుగా, కొబ్బరికాయలు కొట్టే అఖిలాండం దగ్గర నిలబడ్డాం. కాళ్ల కింద రాయి మంచుగడ్డలా ఉంది, సాక్సులు తీసుకెళ్లాల్సింది. పుష్కరిణిలో మునిగొచ్చిన అంగప్రదక్షిణం (నేల మీద దొర్లుతూ చేసే ప్రదక్షిణ) వాళ్లు తడిబట్టలతోనే వణుక్కుంటూ, పళ్లు పటపటలాడుతుంటే గోవిందా అంటూ మా పక్క నుంచే వెళ్లారు. లోపల తలుపులు తీసేటప్పుడు ముందుగా స్వామిని చూసేది సన్నిధి గొల్ల (తలుపులు తీసే సేవ చేసే గొల్లాయన), అర్చకుల కంటే ముందు, ఆ సంగతి చెబితే మా అత్తగారు "అదృష్టమంటే వాళ్లది" అని మళ్లీ మళ్లీ అన్నారు. మైకులో "కౌసల్యా సుప్రజా రామ" అనగానే ఆవిడ ఏడ్చేశారు. నాకైతే చలికి ముక్కు కారుతోంది, అది భక్తి అనుకున్నారు పక్కవాళ్లు.

అది అయ్యాక అదే ఊపులో పుష్కరిణి పక్కన వరాహస్వామి గుడికి వెళ్లండి, ముందు ఆయన్ని చూసి తర్వాతే వేంకటేశ్వరుణ్ణి చూడాలంటారు, ఆనవాయితీ. తర్వాత రూముకి వెళ్లి అమ్మగారిని పడుకోనివ్వండి, దర్శనం టైమ్ పది తర్వాత ఉండేలా చూసుకోండి. శాలువా మర్చిపోవద్దు.

తిరుప్పావై_30:
అందరూ దారి చెబుతున్నారు గానీ అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. జనవరి మొదటి వారమంటే ధనుర్మాసం! డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతి దాకా ఉంటుంది. ఆ నెల రోజులూ తిరుమలలో సుప్రభాతం ఉండదు, దాని బదులు ఆండాళ్ రాసిన తిరుప్పావై, ముప్పై పాశురాలు (తమిళ పద్యాలు), రోజుకొకటి. అదీ బాగుంటుంది, కాదనను, స్వామికి ఆండాళ్ ఊరు శ్రీవిల్లిపుత్తూరు పేరు మీద ఆకులతో చేసిన చిలకలు పెట్టేదీ అప్పుడే. కానీ అమ్మగారు వినాలనుకున్నది అది కాదు కదా. పైగా వైకుంఠ ఏకాదశి కూడా ఆ రోజుల్లోనే పడితే పది రోజులు ఉత్తర ద్వార దర్శనం, అప్పటి రద్దీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దే వద్దు. సంక్రాంతి దాటాక ఏదో ఒక మంగళ, బుధవారాలు చూసుకోండి. 65 దాటినవాళ్లకి దర్శనం కోటా వేరుగా ఉంది, దేవస్థానం వెబ్‌సైట్‌లో మూడు నెలల ముందు వదులుతారు, ఆధార్ చాలు. ఈలోపు లక్కీ డిప్‌కి నాలుగోసారి కూడా వేయండి, 120 రూపాయల టికెట్, తగిలితే తగులుతుంది.

ఓరుగల్లు_చిన్నోడు:
అన్నా, నిజంగా తెలీదు, చాలా థ్యాంక్స్. మీరు పెట్టింది అమ్మకి చదివి వినిపించా. "ధనుర్మాసమని నాకు తెలుసు, నీకు సెలవులు అప్పుడేనన్నావు కదా, పోనీలే తిరుప్పావై విందామనుకున్నా" అంది. ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అనలేదు. మార్చికి మార్చేశాం, లీవు సంగతి మేనేజర్‌తో నేను చూసుకుంటా. పైన రూమ్‌కి, సీనియర్ కోటాకి రేపట్నుంచే వెబ్‌సైట్ మీద కూర్చుంటున్నా. పుష్కరిణి గట్టు గారూ, సాక్సులు రెండు జతలు రాసుకున్నా.