రియాలిటీ షోల్లో నిజమెంత, నటనెంత?

బెజవాడ బుల్లోడు:
బిగ్ బాస్ వస్తుంటే మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. మా అత్త అంతా స్క్రిప్టే అంటుంది, మా చెల్లేమో ఆ ఏడుపు చూసి కూడా అలా ఎలా అంటావని ఎగురుతుంది. గోడల వెనక కెమెరాలు, మెడలో మైకు, కన్ఫెషన్ రూమ్‌లో మనసులో మాట, చూడ్డానికి డాక్యుమెంటరీలాగే ఉంటుంది. మరి మాయ ఎక్కడ?

బ్రాడీపేట ఎడిటర్:
గుంటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. డైలాగులు రాసివ్వక్కర్లేదండీ, ఎడిట్ టేబుల్ చాలు. అప్పగింతల్లో పెళ్లికూతురు ఏడుస్తుంటే వెంటనే తండ్రి ముఖం వేస్తాను, నిజానికి ఆయన ఆ టైములో క్యాటరింగ్ వాళ్లతో లెక్క తేలుస్తున్నా సరే, చూసేవాళ్లకి గుండె బరువెక్కుతుంది. షోల్లోనూ అంతే, పొద్దున విసుక్కున్న ముఖాన్ని సాయంత్రం ఎవరో అన్న మాట పక్కన పెడితే పగ పుడుతుంది. మాట వినిపిస్తూ నోరు కనిపించకపోతే అనుమానించండి. వేర్వేరు వాక్యాల ముక్కలు అతికించి కొత్త మాట తయారుచేస్తారు, అమెరికాలో దానికి ‘ఫ్రాంకెన్‌బైట్’ అని పేరు కూడా ఉంది.

పాతటీవీ:
ఈ గొడవ ఇప్పటిది కాదు. 1973లో అమెరికాలో పీబీఎస్ అనే టీవీ నెట్‌వర్క్ ‘యాన్ అమెరికన్ ఫ్యామిలీ’ అనే షో వేసింది. లౌడ్ అనే కుటుంబాన్ని నెలల తరబడి తీసి, సుమారు 300 గంటల ఫుటేజీని 12 ఎపిసోడ్లకి కుదించారు. భార్య విడాకులు కావాలనడం కూడా అందులో వచ్చింది. ఎడిటింగ్‌లో మమ్మల్ని వేరేలా చూపించారని ఆ కుటుంబమే తర్వాత మొత్తుకుంది. కాకపోతే అక్కడ ఇల్లు వాళ్లది, కాపురం వాళ్లది. 1999లో నెదర్లాండ్స్‌లో ‘బిగ్ బ్రదర్’ వచ్చాక ఇల్లే సెట్టయింది. మన బిగ్ బాస్ దాని పిల్లే.

గాంధీనగర్ అక్క:
విజయవాడలో ఒక పాటల షో ఆడిషన్‌కి మా తమ్ముణ్ణి తీసుకెళ్లాం. వాడు ఎలా పాడాడన్నదానికంటే ఇంట్లో కష్టాలేంటని ఎక్కువ అడిగారు. సెలెక్ట్ అయ్యాక అమ్మని పరిగెత్తుకొచ్చి కౌగిలించుకోమన్నారు, వెలుగు సరిపోలేదని మళ్లీ చేయించారు. ఆ రెండోసారే అమ్మకి నిజంగా ఏడుపొచ్చింది, టీవీలో వేసిందీ అదే. దాన్ని నటన అనాలా?

బెజవాడ బుల్లోడు:
అక్కా, ఇది మా అత్తకి చెప్తే ఒప్పుకోదు, చెల్లికి చెప్తే అస్సలు ఒప్పుకోదు 😀 మరి 2022లో బిగ్ బాస్ నాన్‌స్టాప్ ఓటీటీలో 24 గంటలూ వచ్చిందిగా, అదైనా నిజమే కదా?

బ్రాడీపేట ఎడిటర్:
కట్ తగ్గింది, టాస్కులు తగ్గలేదుగా. ఫోన్ లాగేసుకుని, ముఖం మీదే నామినేట్ చేసి కారణం చెప్పమంటే నేనైనా అరుస్తాను. అయినా ఆ లైవ్ ఎవరు కూర్చుని చూశారు? మా ఇంట్లో అయితే ప్రోమో చూసి పడుకున్నారు.