ఎమ్‌ఎఫ్ డూమ్ ‘ఆపరేషన్: డూమ్స్‌డే’: ముతకదనం గుణమా, కొరతా?

మంద్రస్థాయి:

ముసుగు ధరించి పాడిన అమెరికన్ ర్యాపర్ ఎమ్‌ఎఫ్ డూమ్ తొలి సోలో ఆల్బమ్ ‘ఆపరేషన్: డూమ్స్‌డే’ 1999లో న్యూయార్క్‌లో బాబిటో గార్సియా నడిపిన ఫాండిల్ ఎమ్ అనే చిన్న లేబుల్ నుంచి వచ్చింది. అప్పటి నుంచి దాని గురించి మాట్లాడేవారిలో చాలామంది ఒకే మాట అంటున్నారు: ధ్వని ముతకగా ఉంది, అందుకే అందులో అంత నిజాయితీ ఉంది. ఆ ‘అందుకే’ దగ్గరే నాకు అభ్యంతరం.

ఆల్బమ్‌ను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వింటే, ఒక పాటలో గొంతు ముందుకు తోసుకొస్తుంది, మరో పాటలో లూప్ (పాత పాట నుంచి తీసి మళ్లీ మళ్లీ తిప్పే సంగీతపు ముక్క) కింద మునిగిపోతుంది. ఒకే గదిలో, ఒకే కాలంలో తయారైన ఆల్బమ్ అనిపించదు. దీనికి కారణం అంతుచిక్కనిదేమీ కాదు. ‘డెడ్ బెంట్’, ‘గ్యాస్ డ్రాల్స్’, ‘గ్రీన్‌బ్యాక్స్’, ‘ద ఎమ్.ఐ.సి.’ వంటివి 1997, 1998లలోనే పన్నెండు అంగుళాల సింగిల్స్‌గా, అంటే కొద్ది పాటలే ఉండే రికార్డులుగా విడుదలయ్యాయి. విడివిడిగా వచ్చిన వాటిని ఒకచోట చేర్చి, మధ్యమధ్య ‘ఫెంటాస్టిక్ ఫోర్’ కార్టూన్ సంభాషణలను అతికించి, దానికి ఆల్బమ్ అని పేరు పెట్టారు.

పైగా డూమ్ అప్పటికి స్టూడియో ముఖం చూడని కుర్రవాడు కాదు. డానియల్ డుమిలే అన్న అసలు పేరు గల ఈ కళాకారుడు జెవ్ లవ్ ఎక్స్ పేరుతో కేఎమ్‌డీ బృందంలో ఉండి, 1991లోనే ఎలెక్ట్రా వంటి పెద్ద సంస్థ ద్వారా ‘మిస్టర్ హుడ్’ ఆల్బమ్ తెచ్చాడు. 1993లో తమ్ముడు సబ్‌రాక్ కారు ప్రమాదంలో చనిపోయాడు. 1994లో బృందం రెండో ఆల్బమ్‌ను, ముఖచిత్రం వివాదం కావడంతో, ఎలెక్ట్రా విడుదల చేయకుండా వదిలేసింది. ఈ కథ తెలిసినవారికి గుండె బరువెక్కుతుంది, నాకూ ఎక్కుతుంది. అయితే ఆ బరువును తీసుకొచ్చి మిక్సింగ్ లోపాల మీద పెట్టి, లోపాలకే పూజ చేయడం న్యాయమా? డబ్బు లేక అలా వచ్చినదాన్ని, కావాలనే అలా చేశాడని చెప్పడం ఆ కళాకారుడి కష్టాన్ని గౌరవించడం కాదని నా అభిప్రాయం. లేమిని అలంకారంగా చూడడం ఎప్పుడూ లేమి అనుభవించనివారికే సులువు.

రెండోవైపు:

మంద్రస్థాయి గారూ, మీరు చివర అన్న మాట నిజం, దానితో నాకు విభేదం లేదు. కానీ ‘ముతక’ అన్న ఒక్క మాటతో ఈ ఆల్బమ్‌ను వర్ణించేవారూ, ఆ వర్ణనను తిరస్కరించే మీరూ ఒకే విషయాన్ని దాటిపోతున్నారనిపిస్తోంది. ఈ ఆల్బమ్‌కు వాడిన ముడిసరుకు ముతకది కానే కాదు. ‘డూమ్స్‌డే’ పాట కింద నడిచేది షాడే 1992లో పాడిన ‘కిస్ ఆఫ్ లైఫ్’. ‘రైమ్స్ లైక్ డైమ్స్’ కింద ఉన్నది క్విన్సీ జోన్స్ కోసం జేమ్స్ ఇంగ్రమ్ పాడిన ‘వన్ హండ్రెడ్ వేస్’. ‘రెడ్ అండ్ గోల్డ్’ కింద డీల్ బృందం, ‘గో విత్ ద ఫ్లో’ కింద అట్లాంటిక్ స్టార్ వినబడతాయి. ఇవన్నీ ఖరీదైన స్టూడియోల్లో నునుపు తేలేదాకా చెక్కిన ప్రేమపాటలు. మన ఎదుట ఉన్నది పట్టుబట్ట మీద పరిచిన గోనెపట్టా. గోనె ఒక్కటే ఉంటే అది లేమి అని నేనూ ఒప్పుకునేవాణ్ని. కింద పట్టు కనబడేలా పరిచాడు కాబట్టి అది ఎంపిక అంటున్నాను.

ఆ కాలాన్ని కూడా గుర్తు చేసుకోవాలి. 1997 మార్చిలో ర్యాపర్ నటోరియస్ బి.ఐ.జి. హత్యకు గురయ్యాక, అతని స్మృతిలో పఫ్ డాడీ ‘ఐల్ బి మిస్సింగ్ యూ’ తెచ్చాడు. ‘ద పోలీస్’ అనే రాక్ బృందం 1983 నాటి పాటను దాదాపు ఉన్నది ఉన్నట్టుగా కింద పెట్టి పాడిన శోకగీతం అది. దాన్ని నేను చిన్నచూపు చూడడం లేదు, ఆ శోకంలో అబద్ధం లేదు. ‘డూమ్స్‌డే’ కూడా పాత మధురగీతం మీద నిలబెట్టిన శోకగీతమే. అంటే పనిముట్టు ఒకటే, దుఃఖమూ ఒకటే. మొదటిదానిలో దుఃఖం పాట అంతటా సమంగా, మెరుగుపెట్టినట్టు పరుచుకుని ఉంటుంది. రెండోదానిలో పల్లవిలోనే, పుట్టుక నుంచి తమ్ముడు వెళ్లిన చోటికి తాను తిరిగి చేరేదాకా అన్న మాట వస్తుంది, తన సమాధి మీద అసలు పేరు చెక్కుతారో, చెక్కకుండా వదిలేస్తారో ఎవరికి తెలుసన్న మాట వస్తుంది. అంత మాట చెప్పి, ఏమీ జరగనట్టు చమత్కారాల్లోకి జారిపోతాడు. తమ్ముడి కథను మనం బయటి నుంచి తెచ్చి ఆల్బమ్‌కు అంటిస్తున్నామని మీరన్నారు. ముసుగు తీయగానే మొదటి పాట పల్లవిలోనే ఆ కథ ఉంది.

తాళం:

ఇద్దరూ ‘ముతకదనం’ అన్న మాటను రెండు వేర్వేరు విషయాలకు వాడుతున్నారని నాకనిపిస్తోంది, అందుకే వాదన ముందుకు సాగడం లేదు.

ఒకటి శబ్దపు గరుకుదనం. హిప్‌హాప్‌లో దీనికి పేదరికంతో సంబంధం ఉన్నా, అది ఒక్కటే కారణం కాదు. 1987లో వచ్చిన ఇ-మ్యూ ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌ను, అంటే రికార్డుల నుంచి ముక్కలు ఎక్కించుకుని వాయించే యంత్రాన్ని చూడండి. దాని నాణ్యత 12 బిట్లు, నమూనా వేగం సెకనుకు 26 వేల పైచిలుకు, మొత్తం నిలవ సుమారు 10 సెకన్లు. ఆ పది సెకన్లలోనే ఎక్కువ సరుకు ఇరికించడానికి నిర్మాతలు నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించుకుని, తర్వాత యంత్రంలో నెమ్మదింపజేసేవారు. దానితో శబ్దం అంచులు అరిగి, ఒక రకమైన ఇసుక రాలినట్టు అయ్యేది. మొదట అది ఇబ్బందే. కొన్నేళ్లలో అదే చెవికి అలవాటైన రుచిగా మారింది. పెద్ద సంస్థల డబ్బుతో పనిచేసేవారు సైతం, అంతకంటే శుభ్రంగా ఎక్కించుకునే యంత్రాలు వచ్చాక కూడా, ఆ ఇసుక కోసం పాత యంత్రాన్ని వదల్లేదు. కాబట్టి గరుకుదనం వినగానే లేమి అనుకోవడం పొరపాటు.

రెండోది, పాటకూ పాటకూ మధ్య స్థాయి కుదరకపోవడం. దీన్ని కుదర్చడం మాస్టరింగ్ (విడుదలకు ముందు మొత్తం ఆల్బమ్ ధ్వనిని సరిచూసే చివరి దశ) పని. స్థాయి కుదరకపోవడాన్ని ఎవరూ రుచి కోసం కోరుకోరు. మంద్రస్థాయి గారి ఫిర్యాదు దీని గురించే అయితే, నేను ఆయన పక్షాన నిలబడతాను. మొత్తం ఆల్బమ్ నిర్లక్ష్యంగా వచ్చిందని ఆయన భావమైతే మాత్రం ‘టిక్, టిక్...’ వినమంటాను. ఎమ్‌ఎఫ్ గ్రిమ్‌తో కలిసి చేసిన ఆ పాటలో బీట్ వేగం పాట పొడవునా పెరుగుతూ తగ్గుతూ పోతుంది, ఇద్దరూ ఆ ఊగిసలాట మీదే తూలకుండా ర్యాప్ చేస్తారు. అది చేతకానివాడు చేసిన పని కాదు.

శ్రోత-9:

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఒక్క విషయం. 1991లో గిల్బర్ట్ ఓ’సల్లివన్ పాటను వాడుకున్నందుకు బిజ్ మార్కీ మీద అమెరికా కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, పెద్ద సంస్థలు ప్రతి శాంపిల్‌కూ, అంటే వాడుకున్న ప్రతి పాత పాట ముక్కకూ ముందే అనుమతి తీసుకోక తప్పని స్థితి వచ్చింది. అందరూ గుర్తుపట్టే పాటను పొడుగ్గా వాడడం ఖరీదైపోయింది. స్టీలీ డాన్ బృందం వారి 1977 నాటి ‘బ్లాక్ కౌ’ ‘గ్యాస్ డ్రాల్స్’లో ఉంది. అదే సంగీతాన్ని వాడుకున్న లార్డ్ తారిక్, పీటర్ గన్జ్‌ల ‘డేజా వూ’ పెద్ద హిట్ కాగానే, దాని ప్రచురణ హక్కుల రాబడిని వాళ్లు స్టీలీ డాన్‌కు వదులుకోవలసి వచ్చింది. కొద్ది ప్రతులుగా అచ్చయ్యే సింగిల్ మీద అంత పెద్ద కళ్లు పడవు. చిన్నతనమే ఒక గొడుగు. పెద్ద సంస్థలో ఉండి ఉంటే ఈ ఆల్బమ్ ఇంత పొడుగాటి, ఇంత తేటగా వినిపించే లూప్‌ల మీద నిలబడి ఉండేదా అన్నది నా అనుమానం. మంద్రస్థాయి గారు లేమి అన్నది మరో వైపు నుంచి చూస్తే స్వేచ్ఛ.

మంద్రస్థాయి:

తాళం గారు చేసిన విభజన నాకు నచ్చింది. దానికి ముందు నేను రాసినదాంట్లో రెండూ కలగాపులగమయ్యాయి, ఆ తప్పు నాదే. గరుకుదనం మీద నా వాదనను వెనక్కి తీసుకుంటున్నాను. ‘డూమ్స్‌డే’ పల్లవి గురించి రెండోవైపు గారు చెప్పినదానికీ ఎదురు చెప్పలేను. వందసార్లు విన్న పల్లవే అయినా, అందులోని మాటలను కథకు ఆధారంగా కాకుండా అలంకారంగా వింటూ వచ్చాను.

శ్రోత-9 గారి ‘స్వేచ్ఛ’ అన్న మాటను మాత్రం అంత సులభంగా ఒప్పుకోను. ఎవరి కంటా పడకపోవడం వల్ల దక్కేది స్వేచ్ఛ అయితే, అదే కారణంగా కళాకారుడి శ్రమకు తగిన రాబడి కూడా దక్కదు. గొడుగు కింద తడవకుండా ఉన్నవాడికి ఎండ కూడా తగలదు.

ఇక సింగిల్స్‌ను పోగేశారన్న నా అసలు ఫిర్యాదుకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. విడివిడిగా విడుదలైన పాటలను స్కిట్‌లతో, ఆ కార్టూన్ సంభాషణలతో కుట్టినంత మాత్రాన తొలి ఆల్బమ్‌కు ఉండవలసిన ఏకత్వం వస్తుందా?

రెండోవైపు:

వరుసను చూడండి, జవాబు అందులోనే ఉంది. మొత్తం 19 అంశాలు. మొదటిది స్కిట్. దాని వెంటనే వచ్చే ‘డూమ్స్‌డే’ పల్లవిలో తమ్ముడి ప్రస్తావన ఉంది. ఆ తర్వాత పదిహేను అంశాల దాకా ఆ తమ్ముడి ఊసును అంత సూటిగా తలపెట్టడు. డబ్బు, గొప్పలు, ఎదుటివాళ్లను ఎత్తిపొడవడం, కార్టూన్ దుర్మార్గుడి ప్రగల్భాలు, వీటితోనే కాలం గడుస్తుంది. పాదం చివరే కాక పాదం మధ్యలోనూ, ఒక్క అక్షరంతో సరిపెట్టుకోకుండా మూడు నాలుగు అక్షరాల దాకా ప్రాస కుదర్చడం డూమ్ అలవాటు. ద్వితీయాక్షర ప్రాసను చిన్నప్పుడే వల్లెవేసిన మన చెవికి ఆ కిటుకు అందడానికి ఎంతోసేపు పట్టదు. మాటల ఆటలో మునిగి మనం కూడా ఆ పల్లవిని మరిచిపోతాం. పద్దెనిమిదో అంశంగా, ఆల్బమ్‌లోని చివరి ర్యాప్ పాటగా ఒక్క ప్రశ్నార్థకమే పేరుగా గల ‘?’ వస్తుంది. అతిథి ర్యాపర్ కురియస్ వంతు ముగిశాక డూమ్ తమ్ముడినే ఉద్దేశించి మాట్లాడతాడు. కవలల్లా అన్నీ కలిసే చేశామంటూ, చేసిన నమాజులనూ, కలిసి కొనుక్కున్న తోలు కోట్లనూ ఒకే ఊపిరిలో తలుచుకుంటాడు. దాని వెనుక మిగిలేది ఇ. మేసన్ చెప్పే వచన భాగం ఒక్కటే.

సింగిల్స్ విడివిడిగా వచ్చిన మాట వాస్తవం. వాటిని ఈ రెండు పాటల మధ్య పెట్టాలన్న నిర్ణయం మాత్రం ఆల్బమ్ కోసమే జరిగింది. ఇంటి రెండు చివరలా దీపాలు పెట్టి మధ్య గదులను చీకటిగా ఉంచినట్టు. ఆ కార్టూన్ స్కిట్‌లు కూడా అతుకులు కావు. కామిక్స్‌లో డాక్టర్ డూమ్ ముఖం చెడిపోయి ఇనుప ముసుగు తగిలించుకున్నవాడు. న్యూయార్క్‌లోని న్యూయోరికన్ పొయెట్స్ కెఫేలో ముఖానికి మేజోడు తొడుక్కుని వేదిక ఎక్కడంతో మళ్లీ కనబడిన మనిషి ఆ పాత్రనే ఎందుకు ఎంచుకున్నాడో, ఆ స్కిట్‌లు లేకపోతే తెలియదు. చూపు ముఖం మీద నుంచి మాట మీదికి మళ్లాలన్నది అతని ఉద్దేశం.

మాస్టరింగ్ మీద మీకు మిగిలిన ఫిర్యాదు న్యాయమైనదే, అక్కడ నేను ఓడిపోతాను. ఒక్క కోరిక. 1991 నాటి ‘మిస్టర్ హుడ్’లో జెవ్ లవ్ ఎక్స్ గొంతు వినండి, సన్నగా, ఎత్తులో, నవ్వుతున్నట్టు ఉంటుంది. వెంటనే ‘డూమ్స్‌డే’ పెట్టండి. మధ్యలో గడిచినది ఎనిమిదేళ్లే. గొంతు లోతుకు దిగి, బొంగురుపోయి, పదాల చివరలు వదిలేస్తూ ఉంటుంది. 2011లో తన మెటల్ ఫేస్ లేబుల్ నుంచి ఈ ఆల్బమ్‌ను తిరిగి తెచ్చినప్పుడు కూడా అతడు ఆ రికార్డింగులనే జనం ముందు పెట్టాడు, పాటలను కొత్తగా పాడలేదు.

మంద్రస్థాయి:

మీరు చెప్పినట్టే రెండింటినీ పక్కపక్కన పెట్టి విన్నాను, తర్వాత వరుస తప్పకుండా పంతొమ్మిది అంశాలూ విన్నాను. స్థాయి కుదరని చోట్లు ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెడుతూనే ఉన్నాయి, వాటిని ఎవరైనా సరిదిద్దితే సంతోషిస్తాను. ‘పోగు’ అన్న మాటను మాత్రం కొట్టేస్తున్నాను. ‘?’ పాటకు వచ్చేసరికి మొదటి పల్లవి దానంతటదే గుర్తుకొచ్చింది. వరుస లేకుండా సింగిల్స్‌గా వింటూ వచ్చిన ఇన్నేళ్లలో అలా ఒక్కసారీ జరగలేదు.