తాతగారి ఆటోమేటిక్ వాచీలో టక్ టక్ ఏంటి?

గుంటూరోడు: మా తాతగారి ఒమేగా దొరికింది అండీ, ఊపితే లోపల ఏదో తగిలి వెనక్కొస్తున్నట్టు టక్ టక్‌మంటోంది, బ్రాడీపేటలో ఒకాయనకి చూపిస్తే రోటర్ (చెయ్యి కదిలితే కదిలి వాచీకి కీ ఇచ్చే బరువు) పోయింది మార్చాలన్నాడు, నాకైతే నమ్మకం కుదర్లా

వన్‌టౌన్ వాచీ: ఆగు బ్రదర్ మార్పించకు!! బంపర్ అనే పాత రకం అయ్యుంటది. అందులో ఆ బరువు చుట్టూ తిరగదు, రెండు పక్కలా స్ప్రింగులకి కొట్టుకుని వెనక్కొస్తది, అదే ఆ సౌండు. 1943 నుంచి చేశారు, 1955లో ఒమేగా 470 నంబర్ మూవ్‌మెంట్ (లోపలి మిషను) వచ్చాక చుట్టూ తిరిగే ఫుల్ రోటర్. మూత తీయించి లోపల నంబర్ చూడు

గుంటూరోడు: 354 అనుంది

బెజవాడ బాబాయ్: బంపరే. ఒమేగా కాన్‌స్టెలేషన్ మోడల్ తొలి వాచీల్లో ఇది కూడా వేసేవాళ్లు, డయల్ మీద క్రోనోమీటర్ (టైము కచ్చితమని టెస్టు పాసైన వాచీ) అని ఉందా? నా యూనివర్సల్ జెనీవ్ కంపెనీ పోల్‌రౌటర్ వాచీలో రోటర్ బుల్లిది, మూవ్‌మెంట్‌లోనే దూరి ఉంటది, దాన్ని చూసీ మెకానిక్ కంగారుపడ్డాడు లే. నూనె ఎండిపోయుంటది, సర్వీసు చేయించేదాకా పెట్టుకోకు